అప్‌లోడ్ చేసిన ఫైళ్ళు తెల్లారేసరికి మాయమవుతున్నాయా? వాటిని ఎక్కడ పెట్టాలో చూద్దాం

మా పదో తరగతి బ్యాచ్ వాళ్ళం ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నప్పుడు, పాత ఫోటోలన్నీ ఒకచోట చేర్చే వెబ్‌సైట్ పని నా నెత్తిన పడింది. జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు రాసే ఫ్రేమ్‌వర్క్) చకచకా రాసేసి, ఒక క్లౌడ్ ప్లాట్‌ఫాంలో ఫ్రీ ప్లాన్‌లో పడేసి, లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. శనివారం రాత్రికల్లా 140 ఫోటోలు వచ్చాయి. స్కూల్ యానివర్సరీలో డాన్సులు, లెక్కల సారుతో దిగిన గ్రూప్ ఫోటో, డాలస్‌లో ఉన్నవాడు కూడా ఎక్కడో అట్టపెట్టెలోంచి తీసి స్కాన్ చేసి పంపినవి. ఆ సంబరంలో రాత్రి పన్నెండింటికి హెడర్ రంగు బాలేదనిపించి మార్చి, మళ్ళీ డిప్లాయ్ కొట్టి (కొత్త కోడ్‌ని సర్వర్‌కి ఎక్కించి) పడుకున్నాను.

పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, నా ఫోటో తీసేశావేంట్రా, మరీ అంత బాలేనా?"

సైట్ తెరిస్తే పేర్లున్నాయి, క్యాప్షన్లున్నాయి, ఎవరికెన్ని లైకులు వచ్చాయో కూడా ఉంది. ఫోటో ఉండాల్సిన చోట మాత్రం చిరిగిన బొమ్మ గుర్తు. 140కి 140 పోయాయి. ఏ ప్లాట్‌ఫాం అన్నది అనవసరం, ఎందుకంటే తప్పు దానిది కాదు, వాళ్ళ డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసే ఉంది, చదవనిది నేనే.

జరిగిందేంటంటే, ఇలాంటి ప్లాట్‌ఫాంలలో మన యాప్ ఒక కంటైనర్‌లో, అంటే దానికోసం విడిగా కట్టిన పెట్టెలాంటి దాంట్లో నడుస్తుంది. డిప్లాయ్ కొట్టిన ప్రతిసారీ పాత కంటైనర్‌ని బాగుచేసి వాడరు, దాన్ని పారేసి మన గిట్‌లో (కోడ్ దాచుకునే చోటు) ఉన్న కోడ్ నుంచి కొత్తది కడతారు. పొద్దున్నే కళ్ళాపి చల్లి నిన్నటి ముగ్గు చెరిపేసి కొత్త ముగ్గు వేసినట్టు. గిట్‌లో ఉన్నది మళ్ళీ వస్తుంది, మధ్యలో యాప్ నడుస్తుండగా డిస్కు మీద రాసుకున్నదేదీ రాదు. నా డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంది కాబట్టి పేర్లు మిగిలాయి, ఫోటోలు యాప్ ఉన్న కంటైనర్‌లోనే మీడియా ఫోల్డర్‌లో ఉన్నాయి కాబట్టి దానితోపాటే పోయాయి.

డిప్లాయ్ చేయకపోతే సరిపోతుంది కదా అనుకోకండి. హెరోకు అనే ప్లాట్‌ఫాంలో డైనో (కంటైనర్‌కి వాళ్ళు పెట్టిన పేరు) రోజుకి కనీసం ఒకసారి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, అప్పుడూ డిస్కు ఖాళీ. రెండర్ అనే ఇంకో ప్లాట్‌ఫాం ఫ్రీ ప్లాన్‌లో 15 నిమిషాలు ఎవరూ సైట్ చూడకపోతే యాప్‌ని నిద్రపుచ్చుతారు, లేచేసరికి అదీ ఖాళీనే. ఇంకో రకం దెబ్బ కూడా ఉంది. ట్రాఫిక్ పెరిగిందని రెండు ఇన్‌స్టెన్స్‌లు (ఒకే యాప్‌కి రెండు కాపీలు) పెట్టారనుకోండి, ఫోటో అప్‌లోడ్ అయింది మొదటి దాంట్లో, చూడ్డానికి వచ్చినవాడిని లోడ్ బ్యాలెన్సర్ (వచ్చినవాళ్ళని ఆ కాపీల మధ్య పంచేది) రెండోదానికి పంపింది. ఒక రిఫ్రెష్‌కి ఫోటో కనపడుతుంది, ఇంకో రిఫ్రెష్‌కి ఉండదు. బ్రౌజర్ క్యాష్ అనుకుని ఒక పూటంతా దాన్నే తుడుస్తూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు.

ముందు పది నిమిషాల పరీక్ష

మీ యాప్ ఇప్పటికే ఎక్కడైనా నడుస్తుంటే, అందులో ఇంకా జనం పెట్టిన ఫైళ్ళు లేకపోతే, ఈ పరీక్ష ఇవాళే చేయండి. ఒక ఫోటో అప్‌లోడ్ చేసి కనపడుతుందో లేదో చూడండి. కోడ్‌లో ఏమీ మార్చకుండా ఒక ఖాళీ కమిట్ పెట్టి డిప్లాయ్ చేసి మళ్ళీ చూడండి. ఫోటో ఉంటే ఇంకోటి అప్‌లోడ్ చేసి ఈసారి డాష్‌బోర్డులోంచి రీస్టార్ట్ కొట్టి చూడండి. ఎక్కడ పోయినా మీ ఫైళ్ళు కంటైనర్ డిస్కు మీద ఉన్నట్టే. చూసేటప్పుడు ప్రైవేట్ విండోలో చూడండి, లేకపోతే బ్రౌజర్ దాచుకున్న పాత బొమ్మనే చూపించి మిమ్మల్ని మోసం చేస్తుంది.

హెరోకు వాడేవాళ్ళు ఒకచోట బోల్తా పడతారు. ఫైల్ ఉందో లేదో చూద్దామని టెర్మినల్‌లో హెరోకు రన్ బాష్ కొడతారు, ఫోల్డర్ ఖాళీగా కనపడుతుంది, పోయిందని గుండె జారిపోతుంది. నిజానికి ఆ కమాండ్ మీ సైట్ నడుస్తున్న డైనోలోకి తీసుకెళ్ళదు, మీకోసం అప్పటికప్పుడు ఇంకో కొత్త డైనో తెరుస్తుంది. అందులో మీ అప్‌లోడ్‌లు ఎప్పుడూ ఉండవు. అక్కడ మీరు సృష్టించిన ఫైల్ సైట్‌కి కనపడకపోవడానికీ కారణం అదే.

ఏది పోతే ఏడుస్తారు, ఏది పోతే పర్లేదు

అన్ని ఫైళ్ళ గురించీ టెన్షన్ పడక్కర్లేదు. లోగో, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, ఫాంట్లు లాంటివి కోడ్‌తోపాటు గిట్‌లో ఉంటాయి, వాటికేం కాదు. జాంగోలో కొత్తవాళ్ళు ఇలాంటి స్టాటిక్ ఫైళ్ళనీ, జనం ఎక్కించే మీడియానీ కలిపేస్తుంటారు. వైట్‌నాయిస్ (స్టాటిక్ ఫైళ్ళని యాప్ నుంచే అందించే లైబ్రరీ) పెట్టాం కదా ఫోటోలు కూడా వస్తాయనుకుంటారు, అది స్టాటిక్ ఫైళ్ళ వరకే, జనం అప్‌లోడ్ చేసే మీడియాకి దానితో సంబంధం లేదు.

రెండో రకం, కాసేపు ఉండి పోయేవి. ఇన్‌వాయిస్ పీడీఎఫ్ తయారుచేసి మెయిల్‌లో పంపేశాక దాని అవసరం తీరిపోయింది. ఎక్సెల్ ఫైల్ తీసుకుని అందులో వరసలు డేటాబేస్‌లో ఎక్కించాక ఆ ఫైల్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఇలాంటివి టెంప్ ఫోల్డర్‌లో హాయిగా రాసుకోవచ్చు, అదే రిక్వెస్ట్‌లో పని ముగించుకుంటే చాలు. ఈ రిక్వెస్ట్‌లో రాసి వచ్చే రిక్వెస్ట్‌లో చదువుకుందాం అనుకున్నారంటే మాత్రం మళ్ళీ మొదటికొచ్చినట్టే.

మూడో రకమే అసలు సంగతి. జనం ఇచ్చినవి, మనం మళ్ళీ పుట్టించలేనివి. ఫోటోలు, రెజ్యూమెలు, ఆధార్ కాపీలు, వాయిస్ రికార్డింగులు. వీటితోపాటు చాలామంది మర్చిపోయేది ఎస్‌క్యూలైట్. అది డేటాబేస్ అని పేరే గానీ, డిస్కు మీద ఒక మామూలు ఫైలు. కంటైనర్ పోతే యూజర్లు, పాస్‌వర్డులు, ఆర్డర్లు అన్నీ దానితో పోతాయి. వర్డ్‌ప్రెస్‌ని ఇలాంటి చోట పెడితే ఫోటోలే కాదు, అడ్మిన్ పేజీలోంచి వేసుకున్న ప్లగిన్లు కూడా తర్వాతి డిప్లాయ్‌కి ఎగిరిపోతాయి. రూబీ భాషలో రాసే రైల్స్‌లో ఫైళ్ళు చూసుకునే యాక్టివ్ స్టోరేజ్ కూడా ప్రొడక్షన్‌లో (జనం వాడే అసలు సైట్‌లో) మొదట లోకల్ డిస్కుకే పెట్టి ఉంటుంది, మనమే మార్చుకోవాలి.

ఎవరి ఇంట్లో ఎలా ఉంటుంది

ప్లాట్‌ఫాంలన్నీ ఒకేలా ఉండవు, తేడాలు తెలిస్తే ఎంచుకోవడం సులువు.

గూగుల్ క్లౌడ్ రన్‌లో డిస్కులా కనపడేది మామూలుగా డిస్కే కాదు, ర్యామ్. మీరు 200 ఎంబీ వీడియో ఫైల్‌గా రాస్తే మీ యాప్ మెమరీలోంచి 200 ఎంబీ పోయినట్టు. మొదట ఇచ్చే మెమరీ 512 ఎంబీ కాబట్టి ఇద్దరు ముగ్గురు ఒకేసారి వీడియోలు ఎక్కిస్తే యాప్ పడిపోతుంది, లాగ్స్‌లో మెమరీ లిమిట్ దాటిందని ఉంటుంది, మీరేమో కోడ్‌లో లీక్ ఎక్కడుందా అని వెతుకుతుంటారు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ లాంబ్డాలో టెంప్ ఫోల్డర్ ఒక్కటే రాయనిస్తుంది, మామూలుగా 512 ఎంబీ, కావాలంటే 10 జీబీ దాకా పెంచుకోవచ్చు, అయినా అది తాత్కాలికమే. వర్సెల్ కూడా అంతే, పైగా ఫంక్షన్‌కి (అక్కడ నడిచే మన సర్వర్ కోడ్‌కి) పంపే రిక్వెస్ట్ సైజు 4.5 ఎంబీ దాటకూడదు. ఇప్పటి ఫోన్ కెమెరాల్లో ఒక్క ఫోటోనే ఆ హద్దు దాటేస్తుంది. డిజిటల్ ఓషన్ యాప్ ప్లాట్‌ఫాంలోనూ యాప్ డిస్కు నిలవదు, ఫైళ్ళకి వాళ్ళ స్పేసెస్ అనే విడి స్టోరేజ్ వాడుకోవాలి.

రెండర్, రైల్వే, ఫ్లై ఈ మూడింటిలో డిస్కు విడిగా తగిలించుకునే వీలుంది. అజ్యూర్ యాప్ సర్వీస్‌లో హోమ్ ఫోల్డర్ నిలుస్తుంది, కానీ అది నెట్‌వర్క్ మీద ఉండే స్టోరేజ్, అందులో ఎస్‌క్యూలైట్ పెడితే లాక్ అయిందని ఎర్రర్లు వస్తుంటాయి. చదువుకునే పిల్లలు పైథాన్‌తో ప్రాజెక్ట్ చూపించుకోవడానికైతే పైథాన్‌ఎనీవేర్ బాగుంటుంది, ఫ్రీ అకౌంట్‌లో కూడా ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి, ఈ గొడవంతా లేదు. హెరోకు ఫ్రీ ప్లాన్ మీద ఆధారపడిన పాత యూట్యూబ్ పాఠాలు తెలుగులో ఇంకా తిరుగుతున్నాయి, అది 2022 నవంబర్ 28తోనే ఆగిపోయింది, వాటిని చూసి మొదలుపెట్టకండి.

మొత్తానికి మనకి మిగిలే దారులు మూడు. డిస్కు తగిలించుకోవడం, బకెట్‌లో (ఫైళ్ళ కోసమే ఉండే ఆన్‌లైన్ నిల్వలో) పెట్టడం, సొంతంగా వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకోవడం. ఫైళ్ళని డేటాబేస్‌లోనే కుక్కేయడం అని నాలుగోది ఉంది. చిన్నచిన్న సంతకాల బొమ్మల వరకైతే ఫర్వాలేదు గానీ, ఫోటోలు పెడితే డేటాబేస్ ఉబ్బిపోయి బ్యాకప్ తీయడమే ఒక పనవుతుంది. నేనైతే చేయను.

డిస్కు తగిలించుకుంటే

కోడ్ దాదాపు మార్చక్కర్లేదు, అందుకే అందరికీ ముందు ఇదే నచ్చుతుంది. డాష్‌బోర్డులో డిస్కు లేదా వాల్యూమ్ చేర్చి, ఏ ఫోల్డర్ దగ్గర తగిలించాలో చెప్పి, మీ యాప్‌లో మీడియా ఫోల్డర్ దారిని సరిగ్గా అదే ఫోల్డర్‌కి చూపించాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. డిస్కు తగిలించింది డేటా అనే ఫోల్డర్‌కి, యాప్ రాస్తున్నది ప్రాజెక్ట్ లోపల మీడియా అనే ఫోల్డర్‌కి. డిస్కుకి నెలనెలా డబ్బు కడుతుంటారు, ఫైళ్ళు యథాప్రకారం పోతుంటాయి. తగిలించిన ఫోల్డర్ లోపల రాసింది మాత్రమే నిలుస్తుంది, దాని పక్క ఫోల్డర్ కూడా నిలవదు.

ఇంకో సంగతి, రెండర్‌లోనూ రైల్వేలోనూ బిల్డ్ జరిగే సమయానికి ఆ డిస్కు తగిలించి ఉండదు, యాప్ మొదలయ్యాకే కనపడుతుంది. కాబట్టి ఎస్‌క్యూలైట్ మైగ్రేషన్లు (డేటాబేస్‌లో టేబుళ్ళు తయారుచేసే కమాండ్లు) బిల్డ్ కమాండ్‌లో పెడితే అవి ఎక్కడో గాల్లో ఉన్న ఖాళీ ఫైల్ మీద నడిచి, యాప్ తెరవగానే టేబుల్ లేదని ఎర్రర్ వస్తుంది. మైగ్రేషన్‌ని స్టార్ట్ కమాండ్‌లోకి మార్చండి.

డిస్కుతో వచ్చే బంధనాలు కూడా తెలుసుకోండి. ఒక డిస్కు ఒకే ఇన్‌స్టెన్స్‌కి అతుక్కుంటుంది, రెండో ఇన్‌స్టెన్స్ పెట్టలేరు. రెండర్‌లో అయితే డిప్లాయ్ జరిగేటప్పుడు పాతది ఆగి కొత్తది లేచేదాకా సైట్ కాసేపు ఆగుతుంది, డిస్కు సైజు పెంచగలరు గానీ తగ్గించలేరు, ఫ్రీ ప్లాన్‌లో అసలు ఇవ్వరు. ఫ్లైలో వాల్యూమ్ అంటే ఒకానొక సర్వర్‌లో ఉన్న డిస్కులో ఒక ముక్క, దాని నకలు దానంతటదే ఇంకోచోట ఉండదు, ఆ సర్వర్ పాడైతే మీ ముక్కా పాడైనట్టే. ముంబైలో వాళ్ళకి రీజియన్ ఉండటం మాత్రం మనకి బాగుంటుంది.

నా లెక్కలో డిస్కు ఎప్పుడు సరైనదంటే, ఎస్‌క్యూలైట్‌తో నడిచే చిన్న యాప్, లేదా ఫైళ్ళు డిస్కు మీదే ఉండాలని పట్టుబట్టే ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్. ఎస్‌క్యూలైట్‌కైతే పక్కనే లైట్‌స్ట్రీమ్ అనే చిన్న ప్రోగ్రాం పెట్టుకోండి, రాసిన ప్రతి మార్పునీ వెంటవెంటనే బకెట్‌కి పంపుతూ ఉంటుంది. జనం ఫోటోలకైతే డిస్కు వద్దు.

బకెట్‌లో పెడితే

మా సైట్ ఇప్పుడు ఇలాగే నడుస్తోంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

ఆబ్జెక్ట్ స్టోరేజ్ అంటారు దీన్ని. అమెజాన్ ఎస్3తో 2006లో మొదలైంది, ఇప్పుడు చాలామంది అదే పద్ధతిలో ఇస్తున్నారు, ఎస్3కి రాసిన కోడ్‌లో చిరునామా, కీలు (పాస్‌వర్డుల్లాంటివి) మారిస్తే మిగతా వాటికీ పనిచేస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2, బ్యాక్‌బ్లేజ్ బీ2, డిజిటల్ ఓషన్ స్పేసెస్ అన్నీ ఆ కోవలోవే. ఆర్2లో నెలకి 10 జీబీ దాకా ఉచితం, ఆపైన జీబీకి నెలకి ఒకటిన్నర సెంట్లు, డౌన్‌లోడ్‌లకి విడిగా ఛార్జీ లేదు. రెండర్ డిస్కు జీబీకి 25 సెంట్లు, తేడా మీరే చూసుకోండి. ఎస్3లో నిల్వ ఖర్చు తక్కువే గానీ బయటికి వెళ్ళే డేటాకి విడిగా కట్టాలి, ఏడబ్ల్యూఎస్ మొత్తం మీద నెలకి మొదటి 100 జీబీ ఉచితం. మా 140 ఫోటోలు తలా 3 ఎంబీ వేసుకున్నా 420 ఎంబీ, అంటే ఎక్కడ పెట్టినా మాకు దాదాపు సున్నా. నెల మధ్యలో ఎవరో వైరల్ చేస్తే బిల్లు పేలే భయం లేదని ఆర్2 తీసుకున్నాను. మీ ఫైళ్ళు దేశంలోనే ఉండాలని క్లయింట్ పట్టుబడితే ఎస్3 ముంబై ఉంది, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్ రీజియన్ కూడా ఉంది, కాకపోతే హైదరాబాద్‌ని అకౌంట్‌లో విడిగా ఎనేబుల్ చేసుకోవాలి, లేకపోతే వాడలేరు.

మొదట బకెట్ సృష్టించండి, ప్రైవేట్‌గానే ఉంచండి. తర్వాత కీ తీసుకోండి, కానీ అకౌంట్ మొత్తానికి పనిచేసే కీ వద్దు, ఆ ఒక్క బకెట్‌లో చదవడం రాయడం మాత్రమే చేయగల కీ చాలు. ఆ కీని కోడ్‌లో రాయకండి. ప్లాట్‌ఫాం డాష్‌బోర్డులో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (కోడ్ బయట దాచే విలువగా) పెట్టండి. గిట్‌హబ్‌లో పబ్లిక్ రెపోలోకి కీ జారితే నిమిషాల్లో బాట్‌లు పట్టేస్తాయి, డిలీట్ చేసి మళ్ళీ కమిట్ పెడితే సరిపోదు, పాత కమిట్‌లో అలాగే ఉంటుంది, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం.

జాంగో అయితే జాంగో స్టోరేజెస్, బోటో3 అనే లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసి సెట్టింగ్స్‌లో బకెట్ పేరు, ఎండ్‌పాయింట్ (స్టోరేజ్ చిరునామా), కీలు ఇస్తే మీ మోడల్స్‌లో ఇమేజ్‌ఫీల్డ్ అలాగే ఉండగా ఫైళ్ళు బకెట్‌కి పోతాయి. ఆర్2కి రీజియన్ దగ్గర ఆటో అని ఇవ్వాలి. ఇంతవరకు అన్ని పాఠాల్లోనూ ఉంటుంది. ఎవరూ చెప్పనిది, నన్ను రెండోసారి కొట్టినది ఇంకోటి ఉంది.

లోకల్ డిస్కు మీద రాసేటప్పుడు జాంగో ఒకే పేరుతో రెండో ఫైల్ వస్తే పేరు చివర ఏవో అక్షరాలు తగిలించి వేరేగా దాస్తుంది. జాంగో స్టోరేజెస్‌లో ఎస్3 వాడితే మామూలు సెట్టింగ్ ప్రకారం పాతదాని మీద కొత్తది రాసేస్తుంది. మామూలు ఫైల్ పేర్లకి ఇది అరుదుగా జరుగుతుంది గానీ, మన జనం ఎక్కించేవి వాట్సాప్ ఫోటోలు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ పేరు ఎలా పెడుతుందంటే ఐఎంజీ, తేదీ, డబ్ల్యూఏ, ఒక నంబరు. ఆ నంబరు ప్రతి ఫోన్‌లో ప్రతిరోజూ సున్నా నుంచి మొదలవుతుంది. ఒకే రోజు తమ తమ ఫోన్లలోకి వచ్చిన మూడో ఫోటోని ఇద్దరు ఎక్కిస్తే రెండింటి పేరూ ఒకటే. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి స్కూల్ డే ఫోటో ఉండాల్సిన చోట ఇంకొకడి పెళ్ళి ఫోటో ప్రత్యక్షమై, గ్రూపులో ఒక పూటంతా జోకులు నడిచాయి. కాబట్టి ఓవర్‌రైట్ సెట్టింగ్ ఆపేయండి, అంతకంటే మంచిది, వచ్చిన పేరు వదిలేసి మీరే ఒక యూయూఐడీ (ఇంకోదానితో కలవని పొడవాటి గుర్తు) పేరు పెట్టండి. అసలు పేరు చూపించాలంటే డేటాబేస్‌లో ఒక కాలమ్‌లో దాచుకోండి.

డేటాబేస్‌లో పూర్తి యూఆర్ఎల్ దాచకండి, బకెట్ లోపలి దారి మాత్రమే దాచండి. రేపు ఆర్2 నుంచి ఇంకోచోటికి మారితే సెట్టింగ్స్‌లో ఒక్క లైన్ మారుస్తారు, లేకపోతే ప్రతి వరసనీ దిద్దుకుంటూ పోవాలి.

ప్రైవేట్ బకెట్‌లో ఉన్నవాటిని చూపించడం ఎలా అంటే, సంతకం చేసిన లింకులు. కొద్దిసేపు మాత్రమే పనిచేసే లింకు మన సర్వర్ తయారుచేసి ఇస్తుంది. జాంగో స్టోరేజెస్‌లో మామూలుగా ఆ గడువు గంట. మీరు పేజీ మొత్తాన్ని ఆరు గంటలు క్యాష్ చేస్తే, మొదటి గంట తర్వాత ఫోటోలన్నీ మళ్ళీ చిరిగిన బొమ్మలే, ఈసారి ఫైళ్ళు భద్రంగా ఉండి కూడా. క్యాష్ గడువు లింకు గడువుకంటే తక్కువ ఉండేలా చూసుకోండి. ఆధార్, మార్కుల లిస్టులు లాంటివాటికి ఇదొక్కటే పద్ధతి, ఎవరైనా తెరవగల పబ్లిక్ బకెట్‌లో వాటిని పెట్టకండి. మా ఫోటోల్లాంటివి అందరికీ కనపడొచ్చు అనుకుంటే బకెట్‌కి సొంత డొమైన్ తగిలించుకోండి. క్లౌడ్‌ఫ్లేర్ ఇచ్చే ఆర్2 డాట్ డెవ్ చిరునామా పరీక్షలకి మాత్రమే, జనం ఎక్కువైతే వేగం కట్టడి చేస్తారు.

పెద్ద ఫైళ్ళయితే మీ సర్వర్ మీదుగా పంపకండి. హెరోకులో రిక్వెస్ట్ మొత్తం యాప్‌కి చేరిన 30 సెకన్లలో జవాబు మొదలవ్వకపోతే కోసేస్తారు, పైగా ఊళ్ళో సిగ్నల్ సరిగా లేని ఫోన్‌లోంచి 40 ఎంబీ వీడియో అవస్థ మీకు తెలుసు. సర్వర్ చేత అప్‌లోడ్ కోసం సంతకం చేసిన లింకు ఇప్పించి, బ్రౌజర్ నేరుగా బకెట్‌కే పంపేలా చేయండి. మొదటిసారి చేసినప్పుడు కోర్స్ ఎర్రర్ (వేరే చిరునామాకి వెళ్ళే రిక్వెస్ట్‌ని బ్రౌజర్ ఆపడం) తప్పకుండా వస్తుంది. బకెట్ సెట్టింగ్స్‌లో మీ సైట్ చిరునామా, పుట్ (ఫైల్ పంపే రిక్వెస్ట్) పద్ధతి రెండూ అనుమతించాలి, చిరునామా చివర స్లాష్ పెట్టకూడదు. ఆ ఒక్క స్లాష్ కోసం నేను రెండు గంటలు పోగొట్టుకున్నాను.

ఐఫోన్ వాళ్ళు హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో ఫోటోలు ఎక్కిస్తే సఫారీలో తప్ప చాలా బ్రౌజర్లలో కనపడవు. ఇది స్టోరేజ్ సమస్య కాదు గానీ ఫైళ్ళు పోయాయని మీకు ఫోన్లు మాత్రం వస్తాయి. అప్‌లోడ్ కాగానే జేపెగ్‌గా మార్చుకోండి, ఆ మార్చే పని టెంప్ ఫోల్డర్‌లో చేసుకోవచ్చు.

సొంత వీపీఎస్ అయితే

ఇది మామూలు అద్దె మెషీన్, డిస్కు మీద రాసింది రీస్టార్ట్ అయినా ఉంటుంది. కానీ డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) వాడితే వాల్యూమ్ కట్టుకోకపోతే కంటైనర్ మార్చినప్పుడు ఇక్కడా ఫైళ్ళు పోతాయి, డాకర్ కంపోజ్ డౌన్ కమాండ్‌కి చివర హైఫన్ వీ (-v) తగిలిస్తే వాల్యూమ్‌లు కూడా తుడిచిపెడుతుంది, ఎక్కడో చూసి గుడ్డిగా కాపీ కొట్టకండి. యాప్ ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ పెడితే మామూలుగా ఒక ఎంబీ దాటిన అప్‌లోడ్‌ని 413 ఎర్రర్‌తో తిప్పి పంపుతుంది, ఆ హద్దు పెంచుకోవాలి. అప్‌డేట్లు, ఫైర్‌వాల్, సర్టిఫికెట్లు, బ్యాకప్ అన్నీ మీ పనే. ఓపిక ఉంటే చవక, లేకపోతే ఇదే అన్నిటికంటే ఖరీదు. డాలర్లలో చూపించే ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుందని, ప్రతినెలా దానంతటదే కట్ అయ్యే పేమెంట్లు మన కార్డుల్లో కొన్నిసార్లు ఆగిపోతాయని కూడా లెక్కలో పెట్టుకోండి. బిల్లు కట్టక మెషీన్ తీసేస్తే ఫైళ్ళూ పోయినట్టే, మెయిల్స్ స్పామ్‌లో పడుతున్నాయేమో చూసుకోండి.

ఇప్పటికే ఇరుక్కుపోతే

జనం ఫైళ్ళు ఎక్కించారు, ఇప్పుడే ఇది చదివి అవి కంటైనర్ డిస్కు మీద ఉన్నాయని తెలిసింది. అప్పుడు మొదట చేయాల్సింది ఏమీ చేయకపోవడం. డిప్లాయ్ వద్దు, రీస్టార్ట్ వద్దు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చినా చాలా ప్లాట్‌ఫాంలు రీస్టార్ట్ చేస్తాయి కాబట్టి అదీ వద్దు. హెరోకులో నడుస్తున్న డైనోలోకి వెళ్ళే పీఎస్ ఎగ్జెక్ అనే కమాండ్ ఉంది గానీ, యాప్‌లో దాన్ని మొదటిసారి వాడినప్పుడు డైనోలు రీస్టార్ట్ అవుతాయి, కాపాడబోయి మనమే తుడిచేసినట్టవుతుంది.

మంచి ఉపాయం ఒకటుంది. సైట్ నడుస్తోంది, ఫోటోలు బ్రౌజర్‌లో కనపడుతున్నాయి అంటే వాటికి లింకులున్నట్టే కదా. డేటాబేస్‌లోంచి ఫైల్ దారుల లిస్టు తీసి, ముందు సైట్ చిరునామా తగిలించి, మీ ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూగెట్‌కి (లింకుల నుంచి ఫైళ్ళు దించే ప్రోగ్రాం) ఇస్తే అన్నీ వరసగా దించేస్తుంది. ఫ్రీ ప్లాన్ అయితే నిద్రపోకుండా ఆ సమయమంతా పేజీ ఒకటి రిఫ్రెష్ అవుతూ ఉండేలా చూడండి. ఆర్‌క్లోన్ అనే కాపీ చేసే ప్రోగ్రాంతో వాటిని అవే దారులతో బకెట్‌కి ఎక్కించండి, ఆ తర్వాతే బకెట్ వాడే కొత్త కోడ్ డిప్లాయ్ చేయండి. మధ్యలో ఎవరైనా కొత్తవి ఎక్కిస్తే అవి పోతాయి, అందుకే అప్‌లోడ్ పేజీ వాడొద్దని ముందే గ్రూపులో చెప్పండి.

బకెట్‌లో పెట్టాక కూడా బ్యాకప్ మీదే. ఎస్3 పదకొండు తొమ్మిదుల (99.999999999 శాతం) భరోసా ఇస్తుందంటారు, అది డిస్కులు పాడవడం గురించి, మీ కోడ్‌లో బగ్ వల్ల మీరే డిలీట్ చేస్తే అది నమ్మకంగా డిలీట్ చేస్తుంది. వాల్యూమ్ స్నాప్‌షాట్లూ (ఆ క్షణానికి తీసిన డిస్కు నకళ్ళు) అంతే, అదే కంపెనీలో ఉన్న కాపీ. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు వేరేచోట కాపీ లేనివాళ్ళవి తిరిగి రాలేదు. 2017 జనవరిలో, జనం కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్ డేటాబేస్ పొరపాటున తుడిచేశాక చూసుకుంటే పెట్టుకున్న బ్యాకప్ పద్ధతులేవీ సరిగా పనిచేయడం లేదు, ఒక ఇంజినీరు ఆరు గంటల ముందు చేత్తో తీసిన కాపీ వాళ్ళని కాపాడింది. నేను వారానికోసారి ఆర్‌క్లోన్‌తో ఇంట్లో హార్డ్ డిస్కుకి దించుకుంటాను. ఇక్కడ కాపీ అనే కమాండ్ వాడండి, సింక్ వద్దు. సింక్ అంటే అటు లేనిది ఇటు కూడా తీసేస్తుంది, బకెట్ ఖాళీ అయిన వారం సింక్ నడిస్తే బ్యాకప్ కూడా ఖాళీ.

పోయిన ఫోటోల సంగతికొస్తే, డేటాబేస్‌లో ప్రతి వరసకీ బకెట్‌లో ఫైల్ ఉందో లేదో చూసే చిన్న స్క్రిప్ట్ రాశాను, ఇలాంటిది మీరూ ఒకటి పెట్టుకోండి, నెలకోసారి నడిపితే తేడాలు ముందే తెలుస్తాయి. మొదటిసారి నడిపితే 140 పేర్లు వచ్చాయి. ఆ లిస్టు గ్రూపులో పెట్టి, ఎవరివి వాళ్ళు మళ్ళీ ఎక్కించండిరా అని బతిమాలాను. రెండు నెలల్లో 129 వచ్చాయి. మిగతా 11 వెనక బెంచీ వాళ్ళవి, రేపు ఎక్కిస్తాం అంటున్నారు.